మూసిన తలుపు మర్యాద

గోదావరిఖనికి వచ్చిన మూడో నెలకల్లా హలీనాకు ఒక సంగతి రూఢి అయిపోయింది. ఈ కాలనీలో తానంటే ఎవరికీ గిట్టదు. గిట్టకపోవడమంటే తిట్టడమో, రాళ్లు వేయడమో కాదు. అదైనా కొంత నయం, మనిషిగా లెక్కపెట్టినట్టుంటుంది. ఇక్కడ మాత్రం ఆమె ఇంటి దగ్గరికి వచ్చేసరికి అందరికీ మాట పడిపోతోంది.

హలీనాది పోలండ్. ఆమె భర్త మారెక్ భూమి లోపల బొగ్గు కోసే పెద్ద యంత్రాలు బిగించే ఇంజనీరు. కంపెనీ కొత్తగా తెచ్చుకున్న యంత్రాన్ని బిగించి, నడిపించి, ఇక్కడి వాళ్ల చేతికి అప్పగించడానికి ఏడాది ఒప్పందం మీద వచ్చాడు. బడిలో పాటల టీచరుగా పనిచేసి రిటైరైన హలీనా, అక్కడ ఒక్కదాన్నే కూర్చుని ఏం చేయాలని అతని వెంట బయల్దేరింది. గెస్ట్‌హౌస్‌లో రిపేర్లు నడుస్తున్నాయని వాళ్లకు కార్మికుల కాలనీలో ఒక క్వార్టర్ ఇచ్చారు. చిన్న వరండా, రెండు గదులు, వెనకాల ఒక జామచెట్టు. ఎదురుగా అదే వరస ఇళ్లు, అరుగుల మీద ఆడవాళ్లు, సందంతా పిల్లలు. ఇంతమంది మధ్య నాకు ఒంటరితనమేమిటని హలీనా మొదటి రోజు మురిసిపోయింది.

ఆ మొదటి రోజు మధ్యాహ్నమే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీ అద్దాలు గడగడలాడాయి. భూకంపమనుకుని హలీనా చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. ఎదురింటి అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న ఆవిడ తీరిగ్గా తలెత్తి, ఈమె కంగారు చూసి, చేట ఒళ్లో పెట్టుకుని పకపకా నవ్వింది. ఆమె పేరు పూలమ్మ. ఆ నవ్వు హలీనాకు ఎంత నచ్చిందంటే, ఈ ఊళ్లో నా మొదటి స్నేహితురాలు ఈమేనని అప్పటికప్పుడే అనుకుంది.

అనుకోవడంతో ఆగలేదు. ఆ వారమే ఆపిల్ పండ్లు వేసి కేకు చేసి, మంచి పింగాణీ పళ్లెంలో పెట్టుకుని ఎదురింటికి వెళ్లింది. తలుపు మూసి ఉంది. వాళ్ల దేశంలో తలుపులన్నీ మూసే ఉంటాయి, తట్టేవాళ్లు తట్టుకుంటారు. హలీనా తట్టింది. పలుకు లేకపోతే ఇంకాస్త గట్టిగా తట్టింది. అప్పుడు తలుపు బెత్తెడంత తెరుచుకుని పూలమ్మ ముఖం కనిపించింది. కళ్లు ఇంతింత చేసి, పెదవుల మీద వేలు పెట్టి, పళ్లెం రెండు చేతులా అందుకుని, గుసగుసగా ఏదో అని, తలుపు మళ్లీ మూసేసింది. మెట్టు మీద నిలబడ్డ హలీనాకు తల కొట్టేసినట్టయింది.

ఆ పళ్లెం కొన్నాళ్లకు తిరిగొచ్చింది. ఒక పొద్దున తలుపు తీస్తే గడప ముందు నేల మీద ఖాళీగా ఉంది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలియదు. చేతికివ్వడానికి కూడా మనసు రాలేదన్నమాట, అనుకుంది హలీనా. పళ్లెం తీసి అలమరలో అన్నిటికంటే అడుగున పెట్టేసింది.

ఆ తర్వాత ఆమె తలుపు ఇంకా గట్టిగా మూసుకుంది. అసలే బొగ్గు దుమ్ము. పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాసుకోవచ్చు. సాయంత్రం కాస్త గాలికి నడిచొచ్చినా, బయటికి వస్తూ ఒకసారి, లోపలికి పోతూ ఒకసారి తలుపు దగ్గరికి లాగేది. అరుగుల మీది ఆడవాళ్లు నవ్వేవాళ్లు, ఈమె నవ్వేది. అంతకు మించి ఎవరూ నోరు విప్పేవాళ్లు కాదు.

మిగతా పొద్దంతా కిటికీ దగ్గర కూర్చుని చూడడమే పని. చూసిన కొద్దీ ఆమె బాధ పెరిగింది. పిల్లలు క్రికెట్ ఆడుతూ అరుచుకుంటూ వస్తారు. ఆమె ఇంటి ముందుకు రాగానే ఒకరినొకరు గిల్లుకుని మునివేళ్ల మీద నడిచి దాటిపోతారు. కూరగాయలమ్మే కొమురెల్లి బండికి మైకు కట్టుకుని టమాటలు, బెండకాయలు అని ఊరు దద్దరిల్లేలా అరిపిస్తాడు. ఆమె ఇంటికి రెండిళ్ల అవతల ఆ మైకు టక్కున కట్టేస్తాడు. దాటాక మళ్లీ పెడతాడు. ఎవరైనా గొంతు పెంచితే పూలమ్మ ఆమె ఇంటివైపు చూపించి కసురుతుంది. ఇదంతా కళ్లారా చూశాక ఎంత మంచి మనిషైనా ఏమనుకుంటుంది?

మారెక్‌తో చెబితే అర్థం చేసుకునేవాడు కాదు. అతనికి గనిలో బోలెడంతమంది దోస్తులు. వాళ్ల టిఫిన్ డబ్బాల్లో తిని, చెవుల్లోంచి పొగలొచ్చే కారం గురించి ఇంటికొచ్చి గొప్పలు చెప్పేవాడు. యంత్రం ఎప్పుడు మొరాయిస్తే అప్పుడు జీపు వచ్చి ఎక్కించుకుపోయేది. రాత్రనక పగలనక పోవడం, రావడం, మంచం మీద వాలడం. వాలాడంటే బ్లాస్టింగ్‌కు కూడా కదిలేవాడు కాదు. అతని గురక వింటూ హలీనా ఒక్కతే కాఫీ తాగేది. చిన్నప్పటి పాటలు కూనిరాగం తీసుకునేది. ఒకరోజు తన గొంతు తనకే కొత్తగా వినిపించి భయమేసింది. పొద్దున్నుంచి ఆ గొంతు బయటికి రావడం అదే మొదలు.

సెప్టెంబరులో వినాయక నిమజ్జనం వచ్చింది. సాయంత్రం సందు మొదట్లో డప్పులు మొదలయ్యేసరికి హలీనా పాదాలు వాటంతటవే లయ పట్టాయి. పాటల టీచరు కదా, ఆగలేకపోయింది. తల దువ్వుకుని, ఎర్రరాళ్ల కమ్మలు పెట్టుకుని, తలుపు వెనక నిలబడింది. ఊరేగింపు సరిగ్గా తన ఇంటి ముందుకు రాగానే తలుపు తీసి వాళ్లలో కలిసిపోవాలని ఆమె ప్లాను. ఇవాళ ఎవరు వద్దన్నా వినకూడదనుకుంది. డప్పులు దగ్గరికొచ్చాయి. ఇంకా దగ్గరికొచ్చాయి. ఉన్నట్టుండి ఎవరో కేకేశారు, అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ట్రాక్టరు గుడగుడ తప్ప ఏమీ లేదు. అంతమంది జనం ఆమె ఇంటి ముందు నుంచి కిక్కురుమనకుండా నడిచిపోయారు. దాటాక మూడిళ్ల అవతల డప్పులు రెట్టింపు జోరుతో మళ్లీ మొదలయ్యాయి.

హలీనా చెయ్యి గొళ్లెం మీదే ఉండిపోయింది. దేవుడు కూడా తన ఇంటి ముందు నుంచి చప్పుడు లేకుండా వెళ్లిపోయాడని ఆమెకు ఏడుపొచ్చింది. మారెక్ రాగానే ఇంటికి పోతానని చెప్పింది. అతను బతిమాలాడు, కోప్పడ్డాడు, మళ్లీ బతిమాలాడు. చివరికి ముఖం వేలాడేసుకుని ఆదివారానికి టికెట్ తీశాడు. మిగిలిన తొమ్మిది నెలలు అతను ఇక్కడ ఒక్కడూ, ఆమె అక్కడ ఒక్కతీ. ఇద్దరికీ ఇష్టం లేదు, కానీ ఇంకో దారి కనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే మారెక్ డ్యూటీకి వెళ్లాక హలీనా పెట్టెలు బయటికి లాగింది. వానలకు వాటికి బూజు పట్టింది. ఎండలో పెడదామని తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచి, పడకుండా చెరో ఇటుక అడ్డం పెట్టింది.

అంతే. ఎదురింటి అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతున్న పూలమ్మ చేట వదిలేసి లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ సందు దాటి, మెట్లెక్కి, పిలుపూ పలకరింపూ లేకుండా తిన్నగా ఇంట్లోకి వచ్చేసింది. పడకగదిలోకి తొంగి చూసి ఖాళీ మంచం చూసింది. ఆమె ముఖం వెలిగిపోయింది. గుమ్మంలోకొచ్చి కాలనీ అదిరేలా కేకేసింది.

"ఓ దీపా! జల్ది రా! మేడం తలుపు తీసింది!"

ఆ కేకకు ఇళ్లలోంచి ఆడవాళ్లు ఎట్లా వచ్చారంటే, సినిమా వదిలినట్టు వచ్చారు. ఒకామె మంచం మీద కూర్చుంది. ఇంకొకామె పెట్టె మీద. మరొకామె ఫ్రిజ్ తెరిచి చూసి పాపం ఇంట్లో పచ్చిమిరపకాయే లేదని బాధపడింది. అందరికంటే వెనకగా, సందు చివరి రేకుల ఇంట్లో ఉండే ముసలామె సారవ్వ కర్ర ఊతంగా వచ్చి, గుమ్మం పక్కనున్న పీట మీద కూర్చుని హలీనాను నిదానంగా చూస్తూ ఉండిపోయింది. పూలమ్మ కోడలు దీప ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతుంది. ఆ రోజు బడికి సెలవు. మాటలన్నీ ఆమె మీదుగా నడిచాయి.

"ఆంటీ, మా అత్తమ్మ అడుగుతోంది, అంకుల్‌కి ఇప్పటికైనా డే షిఫ్ట్ వేశారా అని."

హలీనాకు ఆ ప్రశ్న ఏమిటో తెలియలేదు. తెలుసుకునే ఓపికా లేదు. "ముందు నేనడిగేదానికి జవాబు చెప్పమను. నేను మీకేం చేశాను? నన్ను చూస్తే మీకందరికీ ఎందుకంత అసహ్యం?" అంది ఇంగ్లీషులో.

దీప తెలుగులో చెప్పింది. పూలమ్మ నోరు నొక్కుకుంది.

"మాకా? నీ మీదనా? అయ్యో నా తల్లీ, గట్లెందుకనుకున్నవ్?"

హలీనా వేళ్ల మీద లెక్కపెడుతూ ఒక్కొక్కటే చెప్పింది. పిల్లలు, కొమురెల్లి మైకు, నిన్నటి డప్పులు. చెబుతూ ఉంటే ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి పూలమ్మ ఆమె పక్కన వచ్చి కూర్చుని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"అక్కా, ఇగ విను. మా దగ్గర పగటి పూట తలుపు మూసుందంటే లోపల నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పండుకున్నట్టు. ఆ తలుపు ఎవలు కొట్టరు. ఆ ఇంటి ముందట ఎవలు ఒర్రరు. నిద్ర సాలని మనిషి బొగ్గు బాయిల దిగితే పానానికే మోసం కద. మీ సారు జీపేమో రాత్రి వస్తది, పగలు వస్తది, ఎప్పుడు పండుకుంటడో ఏమెరుక? నీ తలుపు సూస్తే ఎప్పుడు మూసే ఉండె. పాపం, గా మనిషికి ఒక్క ఫస్ట్ షిఫ్టన్న ఇస్తలేరని మేమంత ఎంత ఫికర్ చేసినమో తెల్సా?"

"మరి డప్పులు?"

"నేనే బంద్ వెట్టిచ్చిన!" అంది పూలమ్మ గర్వంగా. "పోరగాండ్లు ఇనలే. ట్రాక్టర్ ముందట అడ్డం నిలబడ్డ. గణపతి ఏమనుకోడు, సారును నిద్ర వోనియ్యుండ్రి అన్న."

"నేను కేకు తెచ్చిన రోజు తలుపు వేసేశావు కదా!"

"ఆ దినం మా ఆయన సదయ్య నైట్ షిఫ్టు చేసొచ్చి అప్పుడే కన్ను మూసిండు. నువ్వేమో దబదబ కొట్టవడ్తివి. ఆయన ఉలిక్కివడి లేచి కూసున్నడు. తర్వాత నీ కేకంత ఆయనే తిన్నడు, గది వేరే ముచ్చట. అవునూ, గా పళ్లెంల నేను వెట్టిన సర్వపిండి ఎట్లుండె? ఇంతవరకు చెప్పకపోతివి."

"ఏ సర్వపిండి?"

"గడప మీద వెట్టిన గద! నీ పళ్లెం ఉత్తగ ఎట్లిస్త? తలుపు కొట్టరాదని గప్పుచుప్పుగ వెట్టొచ్చిన. పల్లీలేసి, నువ్వులేసి, మంచిగ కాల్చి..." పూలమ్మ ఆగిపోయింది. గదిలో ఎవరో "కోతులు" అన్నారు. ఆ రోజు కోతుల గుంపు జామచెట్టు మీదికి వచ్చిన సంగతి అందరికీ గుర్తొచ్చింది.

ముందు దీప కిసుక్కుమంది. తర్వాత నవ్వని మనిషి లేదు. హలీనా నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ఎందుకంటే ఆమెదీ బొగ్గు ఊరే. ఆమె తండ్రీ గనిలోనే పనిచేశాడు. ఆయన పగలు పడుకుంటే అమ్మ పిల్లల చెప్పులు విప్పించి, నడవాలో వట్టికాళ్లతో నడిపించేది. ఆ గనులు మూతపడి ఏళ్లయింది, ఆ జాగ్రత్త కూడా ఆమెకు మరుపున పడింది. ఇక్కడ ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లు తన మొగుడి కోసం మూడు నెలలు అదే జాగ్రత్త పడ్డారు. ఆ మొగుడేమో బాంబు పేలినా లేవడు. ఆ మాట దీపతో చెప్పించేసరికి గదిలో మరోసారి నవ్వులు పేలాయి.

నవ్వు సద్దుమణిగాక పూలమ్మ కళ్లు పెట్టెల మీద పడ్డాయి. "గీ పెట్టెలేంది?"

ఆదివారం పొద్దున వెళ్లిపోతున్నానని హలీనా చెప్పింది. టికెట్ కూడా తీసేశామని, తేలిగ్గా తీసుకోమన్నట్టు చెయ్యి ఊపింది. పూలమ్మకు ఒళ్లు మండింది.

"మూడు నెల్లు మేం నోళ్లు కట్టేసుకున్నది గిందుకేనా? సరే, పో. టికెట్ తీసినంక ఆపేటందుకు మేమెవలం? గాని నువ్ పోయేదాక నీ ఇంట్ల పొయ్యి ముట్టియ్యద్దు. మా ఇండ్లల్లనే తినాలె."

ఇక ఎవరింట్లో ఎప్పుడన్నదాని మీద కొట్లాట మొదలైంది. నాకు గురువారం కావాలని ఒకరు, గురువారం మేం నీసు తినం, కోడి కొయ్యాలంటే మాకు ఇంకో రోజే కావాలని ఇంకొకరు. శనివారం రాత్రి దాకా అన్ని పూటలూ పంచుకున్నారు. అంతా అయ్యాక పీట మీది సారవ్వ మెల్లగా నోరు విప్పింది. "నాది ఆదివారం వెట్టుండ్రి."

"అవ్వా, ఆదివారం పొద్దుగాలనే కారొస్తది" అంది దీప.

"గట్లనా" అంది సారవ్వ. "సరే తియ్ బిడ్డ." కర్ర తీసుకుని వెళ్లిపోయింది. ఆ మాటకు అర్థమేమిటని హలీనా దీపను అడిగి తెలుసుకుంది.

ఆ నాలుగు రోజులూ హలీనాకు పండగే. ఒక ఇంట్లో పచ్చిపులుసు, ఒక ఇంట్లో నాటుకోడి, ఇంకో ఇంట్లో కళ్లనీళ్లు పెట్టించే మిరపకాయ తొక్కు. తింటూ 'కూసో, తిను, చాలు, ఏం కూర, వస్త, పోత, పోలే' అని మాటలు నేర్చుకుంది. పోలండ్ పాట పాడితే అర్థం కాకపోయినా ఆడవాళ్లు చప్పట్లతో లయ అందుకున్నారు. ఒక్కటే ఇబ్బంది. తిన్న కంచం కూడా తీయనిచ్చేవాళ్లు కాదు. "సుట్టానివి, కూసో" అని చెయ్యి పట్టి కూర్చోబెట్టేవాళ్లు. కొమురెల్లి మాత్రం ఇప్పుడు సరిగ్గా ఆమె ఇంటి ముందే బండి ఆపి, ఇన్నాళ్ల బాకీ తీర్చుకున్నట్టు మైకు అరిపించాడు.

శనివారం సాయంత్రం హలీనా దీపతో కలిసి సందు చివరి దాకా నడిచింది. సారవ్వ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. దోమలు ముసురుతున్నాయి. లోపల గోడకు ఆనుకుని ఆమె ఒక్కతే కూర్చుంది. ఈవేళప్పుడైనా తలుపు వేసుకోవచ్చు కదా అని హలీనా దీపను అడిగింది.

"మేమూ అంటాం ఆంటీ. అవ్వ భర్త ఆగయ్య తాత బతికున్నప్పుడు గనిలో పనిచేసేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది. తలుపు వేసుకో అవ్వా అంటే, 'ఎన్నో ఏండ్లు మూసి, సప్పుడు కాకుంట చూసిన బిడ్డ, ఇప్పుడు లోపల ఎవలు పండుకున్నరని ముయ్యాలె' అంటుంది."

ఆ రాత్రి హలీనాకు అన్నం సయించలేదు. మిగతా వాళ్లంతా తన కోసం కొట్లాడారు. సారవ్వ ఒక్కతే కొట్లాడకుండా, సరే తియ్ అని లేచిపోయింది. ఆ సరే ఎలాంటిదో హలీనాకు బాగా తెలుసు. మూడు నెలలుగా కిటికీ దగ్గర కూర్చుని తాను అన్నదీ అదే మాట. ఎవరితోనూ పోట్లాడి అడగలేనంతగా ఒంటరైపోయిన మనిషి అనే మాట అది.

ఆదివారం పొద్దున మారెక్ తెచ్చిపెట్టుకున్న హుషారుతో పెట్టెకు తాళం వేస్తుంటే ఆమె వచ్చి చెప్పింది. "కారు వద్దని ఫోన్ చెయ్యి. ఇవాళ నాకు భోజనానికి పిలుపుంది."

"మరి విమానం?"

"విమానాలు రోజూ ఉంటాయి. తొమ్మిది నెలలు కాగానే ఇద్దరం కలిసే ఎక్కుదాం."

మారెక్ తాళంచెవి పక్కన పడేసి ఆమెను ఎత్తుకుని గిరగిరా తిప్పబోయి నడుం పట్టేసి మంచం మీద కూలబడ్డాడు. అయినా నవ్వుతూనే ఉన్నాడు.

హలీనా వెళ్లేసరికి సారవ్వ వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని చాయ్ కాచుకుంటోంది. ఈమెను చూసి కళ్లు చిట్లించింది.

"నువ్ పోలేదా బిడ్డ?"

"పోలే" అంది హలీనా.

"ఎప్పుడు పోతవ్ మరి?"

హలీనా తనకు వచ్చిన నాలుగు మాటలూ వెతుక్కుంది. చెప్పాల్సినదానికి అవి చాలవు. తనకు తెలిసిన దాంట్లోంచే ఒకటి పట్టుకుంది. "అవ్వా, ఏం కూర?"

సారవ్వ విరుచుకుపడింది. "ఏం కూరేంది, ఏం కూర! నువ్ వస్తవని ఎవలన్న చెప్పిండ్రా నాకు? ఇంట్ల ఉప్పు తప్ప ఏం లేదు. ముందుగాల చెప్పద్దా? గింత పెద్దదానివైనవ్, గా మాత్రం తెల్వదా?" అలా తిడుతూనే లేచి పెరట్లోకి పోయి, వంకాయలు తెంపుకొచ్చి ఒళ్లోంచి నేల మీద పోసింది. కత్తిపీట కాలితో ఆమె వైపు జరిపింది. "కూసో. నాలుగు పాయలు చెయ్, తొడిమెలు తియ్యకు. ఉప్పు నీళ్లల్ల ఎయ్, లేకుంటె నల్లవడ్తయ్."

ఈ దేశంలో హలీనాను తిట్టిన మొదటి మనిషి, పని చెప్పిన మొదటి మనిషి సారవ్వే. తిట్టులో సగం అర్థం కాలేదు. అర్థం కావాల్సింది అయింది. ఆమె నేల మీద కూర్చుని మొదటి వంకాయ అందుకుంది.

సారవ్వ తన చాయ్‌ని రెండు గ్లాసుల్లో పోసి ఒకటి ఆమె ముందు పెట్టింది. గొంతు మాత్రం ఇంకా తగ్గించలేదు.

"రేపు నాతోని మార్కెట్‌కు పోవాలె. ఉత్త చేతులూపుకుంట రాకు, సంచి వట్టుకొని రా."

"వస్త అవ్వా" అంది హలీనా.